రాయికి రెండు పుట్టినరోజులు

(వారాంతపు తెలుగు రేడియో కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగానికి అక్షరరూపం)



కిందటి వేసవిలో మా నాన్నగారు మా దగ్గరికి వచ్చారు. ఇండియా నుంచి పెద్దవాళ్ళు వస్తే బే ఏరియాలో మనందరం చేసే పనే మేమూ చేశాం. ఒకరోజు గోల్డెన్ గేట్, మర్నాడు తెల్లవారుజామునే లేచి యోసెమిటీ. నాలుగు గంటల డ్రైవు తరవాత టన్నెల్ వ్యూ దగ్గర కారు ఆపి, ఎడమపక్క ఎల్ కాపిటాన్, దూరంగా హాఫ్ డోమ్, కుడిపక్క జలపాతం చూపించి, ఏమంటారోనని ఆయన మొహంకేసి చూశాను. ఆయన కాసేపు కళ్ళజోడు సర్దుకుని చూసి, "బాగానే ఉందిరా. కానీ ఇంత పెట్రోలు తగలేసి బంజారాహిల్స్ రాళ్ళే చూపించావు" అన్నారు.

నాకు ఉక్రోషం వచ్చింది. "అదేంటి నాన్నా, ఇవి దాదాపు పది కోట్ల సంవత్సరాల నాటి రాళ్ళు" అన్నాను. "ఎవరు చెప్పారు? రికార్డేదీ?" అని అడిగారు. ప్రభుత్వ ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. ఆయనకి ఏ విషయమైనా కాగితం మీద ఉండాలి. నా దగ్గర సమాధానం లేదు. నేను కంప్యూటర్ల వాణ్ణి, భూగర్భశాస్త్రం చదువుకున్నవాణ్ణి కాదు. ఇంటికొచ్చాక పుస్తకాలూ పరిశోధన వ్యాసాలూ తిరగెయ్యడం మొదలుపెట్టాను. ఇవాళ మీతో చెప్పబోయేది ఆ ప్రశ్నకి జవాబు. రాయి వయసు ఎలా కడతారు, అలా కట్టిన వయసులతో ఒక ఖండపు అంచు చరిత్రని ఎలా రాస్తారు అన్నది.

దానికి ముందు నాన్నగారి వయసు సంగతి ఒకటి చెప్పాలి. ఆయన పాస్‌పోర్టులో పుట్టిన తేదీ 1952 జులై 1. అసలు ఆయన పుట్టింది 1953లో, గోదావరికి పెద్ద వరద వచ్చిన శ్రావణ మాసంలో. బళ్ళో వేసేటప్పుడు హెడ్మాస్టారు "ఈ ఏడే చేర్చేద్దాం" అని ఒక ఏడాది ఎక్కువ వేసి, జులై ఒకటి అని రాసేశారు. మీలో చాలామంది ఇళ్ళలో ఇలాంటి జులై ఒకటో తారీకు పెద్దవాళ్ళు ఉండే ఉంటారు. ఆ ఒక్క గీతతో నాన్నగారు ఏడాది సర్వీసు నష్టపోయారు. సర్టిఫికెట్ అబద్ధం కాదు. అది ఆయన బళ్ళో చేరిన రోజుకి సాక్ష్యం. పుట్టిన రోజుకి కాదు, అంతే. రాళ్ళకి కూడా సరిగ్గా ఇదే తిరకాసు ఉంది.

మొదట గడియారం సంగతి చూద్దాం. గ్రానైటు ముక్కని దగ్గరగా చూస్తే తెల్లటి పలుగురాయి, పాలరంగు ఫెల్డ్‌స్పార్, నల్లగా మెరిసే కాకిబంగారం కనిపిస్తాయి. కంటికి కనిపించనివి ఇంకా ఉంటాయి. వాటిలో ఒకటి జిర్కాన్. మిల్లీమీటరులో పదో వంతు ఉండే స్ఫటికం. భూమి లోపల శిలాద్రవం గడ్డకట్టేటప్పుడు జిర్కాన్ స్ఫటికం యురేనియం అణువుల్ని తన అల్లికలోకి రానిస్తుంది, సీసాన్ని మాత్రం రానివ్వదు. అంటే పుట్టినప్పుడు దానిలో సీసం లేనట్టే. తరవాత యురేనియం మెల్లిగా విచ్ఛిన్నమై సీసంగా మారుతూ ఉంటుంది. ఈ రోజు ఆ స్ఫటికంలో యురేనియం ఎంత మిగిలింది, సీసం ఎంత చేరింది అని కొలిస్తే, ఎంతకాలం గడిచిందో లెక్క కట్టొచ్చు.

ఇందులో ఇంకో సౌకర్యం ఉంది. ప్రకృతిలో యురేనియం ప్రధానంగా రెండు రకాలు. యురేనియం 238 సగం తరగడానికి 447 కోట్ల సంవత్సరాలు పడుతుంది, అది సీసం 206గా మారుతుంది. యురేనియం 235 సగం తరగడానికి 70 కోట్ల సంవత్సరాలు, అది సీసం 207గా మారుతుంది. ఒకే స్ఫటికంలో రెండు గడియారాలు వేరువేరు వేగాలతో నడుస్తున్నాయన్నమాట. రెండూ ఒకే వయసు చెబితే ఆ వయసుని నమ్మొచ్చు. రెండూ తేడాగా చెబితే మధ్యలో సీసం కారిపోయిందనో, పాత స్ఫటికం కలిసిందనో అనుమానించాలి. దస్తావేజు మీద ఇద్దరు సాక్షుల సంతకాలు ఉన్నట్టు. ఈ మాట చెప్పాక నాన్నగారు మొదటిసారి కాస్త ఆసక్తిగా విన్నారు.

రేడియోధార్మికతతో రాళ్ళ వయసు కట్టొచ్చని 1907లో బోల్ట్‌వుడ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త చూపించాడు. 1956లో క్లెయిర్ పాటర్సన్ ఉల్కల్లోని సీసం కొలిచి భూమి వయసు 455 కోట్ల సంవత్సరాలని తేల్చాడు. ఇవాళ్టికీ ఆ అంకె పెద్దగా మారలేదు.

ఇక రెండో గడియారం. పొటాషియంలో ఒక రకం మెల్లిగా ఆర్గాన్ అనే వాయువుగా మారుతుంది. దాని సగం కాలం 125 కోట్ల సంవత్సరాలు. కాకిబంగారంలో పొటాషియం బోలెడంత ఉంటుంది కాబట్టి కొలవడం సులువు. కానీ ఆర్గాన్ వాయువు కదా, రాయి వేడిగా ఉన్నంతసేపూ బయటికి పోతూనే ఉంటుంది. గిన్నె మీద మూత పెట్టాకే ఆవిరి నిలిచినట్టు, నల్ల కాకిబంగారం సుమారు 300 డిగ్రీలకి చల్లారాకే అందులో ఆర్గాన్ నిలుస్తుంది. జిర్కాన్ అయితే 900 డిగ్రీల వేడిలో కూడా తన సీసాన్ని వదలదు. కాబట్టి జిర్కాన్ చెప్పేది స్ఫటికం పుట్టిన రోజు. కాకిబంగారం చెప్పేది రాయి చల్లారిన రోజు. పక్కన ఇంకో శిలాద్రవం వచ్చి చేరి రాయిని మళ్ళీ వేడిచేస్తే, లోపలున్న ఆర్గాన్ కూడా పోయి ఆ గడియారం సున్నా నుంచి మళ్ళీ మొదలవుతుంది. మా వృత్తి భాషలో చెప్పాలంటే ఒకటి ఫైలు సృష్టించిన తేదీ, రెండోది ఆఖరిసారి మార్చిన తేదీ. రెండూ నిజమే. ఏది దేనికో తెలియకుండా కలిపేస్తేనే చిక్కు.

ఆ చిక్కు నిజంగానే వచ్చింది, అదీ మన సియెరా నెవాడా కొండల్లోనే. ఈ గ్రానైటు ఒకే కొండ కాదు. సుమారు 600 కిలోమీటర్ల పొడవున, వంద కిలోమీటర్ల వెడల్పున, వందకు పైగా వేరువేరు శిలాద్రవపు ముద్దలు పక్కపక్కన పేరుకుని ఉన్నాయి. పొటాషియం-ఆర్గాన్ పద్ధతికి బర్క్‌లీ 1950ల నుంచీ పేరుపడ్డ చోటు. 1970లో ఎవర్న్‌డెన్, కిస్లర్ అనే ఇద్దరు ఆ పద్ధతితో వచ్చిన వయసులన్నీ పేర్చి చూసి, ఈ గ్రానైట్లు ఐదు విడతలుగా, సుమారు 3 కోట్ల సంవత్సరాలకి ఒకసారి చొప్పున వచ్చాయని ప్రతిపాదించారు. ఎంత ముచ్చటైన లెక్కో చూడండి, పుష్కరాలు వచ్చినట్టు.

తరవాత జిర్కాన్ వయసులు రావడం మొదలైంది. పాత రాళ్ళలో చాలావాటి ఆర్గాన్ వయసులు, పక్కన కొత్త గ్రానైటు వచ్చి వేడిచేసినప్పుడు మారిపోయినవని బయటపడింది. అవి హెడ్మాస్టారు వేసిన తేదీలు. 1982లో చెన్, మూర్ అనే శాస్త్రజ్ఞులు యురేనియం-సీసం వయసులు పటం మీద గుర్తించి చూస్తే ఆ ముచ్చటైన క్రమం నిలబడలేదు. దానికి బదులు ఇంకోటి కనిపించింది. 12 కోట్ల నుంచి 8 కోట్ల ఏళ్ళ క్రితం వరకూ, గ్రానైటు పుట్టే చోటు పడమర నుంచి తూర్పుకి జరుగుతూ వచ్చింది. వేగం ఏడాదికి సుమారు 2.7 మిల్లీమీటర్లు. మన గోళ్ళు పెరిగే వేగం కన్నా తక్కువ. ఉత్త రాళ్ళ తేదీలు కాస్తా ఒక కదలికని పట్టి ఇచ్చాయి.

ఆ కదలిక దేనిది? దీనికి మనం వెళ్ళిన దారే జవాబు. బే ఏరియా నుంచి యోసెమిటీకి వెళ్ళే నాలుగు గంటల ప్రయాణంలో, పాత ఖండపు అంచుని ఒక కొస నుంచి ఇంకో కొసకి దాటుతాం.

గోల్డెన్ గేట్ దాటగానే మారిన్ హెడ్‌ల్యాండ్స్‌లో రోడ్డు పక్కన ఎర్రటి రాళ్ళు పుస్తకం పేజీల్లా పొరలు పొరలుగా కనిపిస్తాయి. అవి సముద్రంలో తేలే సూక్ష్మజీవుల గుల్లలు లోతైన సముద్రగర్భంలో పేరుకుని ఏర్పడ్డవి. సముద్రపు అడుగు ఖండం కిందికి దూరిపోతూ ఉంటే, పైన గీరుకుపోయి మిగిలినవి. ఆ చుట్టుపక్కలే నీలి ఛాయ ఉన్న రాళ్ళు కూడా దొరుకుతాయి. అవి ఎక్కువ ఒత్తిడి, తక్కువ వేడి ఉన్న చోటే తయారవుతాయి. అంటే చల్లటి సముద్రపు ఫలకం త్వరగా లోతుకి దిగే చోట. దాన్ని ఫారలాన్ ఫలకం అంటారు. ఇది ప్రయాణంలో మొదటి మజిలీ.

కొండలు దాటి సెంట్రల్ వ్యాలీలోకి దిగుతాం. బాదం తోటలు, చదును నేల. నాన్నగారు కోనసీమ మనిషి, ఆయనకి నచ్చింది ఇదొక్కటే. ఈ నేల కిందా, లోయ పడమటి అంచునా వేల అడుగుల మందాన ఇసుకరాళ్ళూ బురదరాళ్ళూ ఉన్నాయి. తూర్పున ఉన్న అగ్నిపర్వతాల నుంచి ఏళ్ళ తరబడి కొట్టుకొచ్చిన ఇసుక ఇది. ఇది రెండో మజిలీ.

మూడోది సియెరా. కిందికి దిగిన సముద్రపు ఫలకం తనతో నీటిని తీసుకుపోతుంది. లోతున ఆ నీరు బయటపడుతుంది. నీరు తగిలిన రాయి తక్కువ వేడికే కరుగుతుంది. ఆ కరిగినది పైకి వచ్చి, కొంత అగ్నిపర్వతాలుగా పేలింది. మిగతాది కొన్ని కిలోమీటర్ల లోతులోనే గడ్డకట్టింది. పైనున్న అగ్నిపర్వతాలు ఎప్పుడో అరిగి లోయలోకి ఇసుకగా పోయాయి. ఇవాళ మనం తలెత్తి చూసే హాఫ్ డోమ్ ఒకప్పుడు వాటి పునాది. పైన రాకాసిబల్లులు తిరుగుతుంటే కింద ఈ రాయి చల్లారుతూ ఉంది. ఈ గ్రానైట్లకీ, సముద్రపు ఫలకం కిందికి దూరడానికీ ఉన్న సంబంధాన్ని 1969లో వారెన్ హామిల్టన్ వివరంగా చెప్పాడు.

ఇప్పుడు గడియారాల్ని ఈ దారి మీద పెట్టి చూడండి. గ్రానైట్ల వయసుల ప్రకారం ఈ వ్యవస్థ 20 కోట్ల ఏళ్ళకి ముందే మొదలైంది. కానీ ఒకే జోరున సాగలేదు. 16, 17 కోట్ల ఏళ్ళ క్రితం ఒకసారి, 10 నుంచి 8.5 కోట్ల ఏళ్ళ మధ్య ఇంకోసారి బాగా ఉధృతంగా శిలాద్రవం వచ్చింది. ఎల్ కాపిటాన్ వయసు సుమారు 10.6 కోట్ల సంవత్సరాలు. టన్నెల్ వ్యూ దగ్గర ఒకే ఫోటోలో పడే హాఫ్ డోమ్ దానికంటే కోటి సంవత్సరాలకు పైగా చిన్నది. అందుకే నేను నాన్నగారికి చెప్పిన "దాదాపు పది కోట్లు" అనే మాట రెంటికీ సరిగ్గా సరిపోదు.

హాఫ్ డోమ్ రాయిది ఇంకో కథ. పూర్వం పాఠ్యపుస్తకాల్లో, భూమి లోపల కొండంత కుంపటిలా శిలాద్రవం ఒక్కసారిగా నిండి మెల్లిగా చల్లారిందని రాసేవారు. 2004లో నార్త్ కరోలినా విశ్వవిద్యాలయానికి చెందిన కోల్‌మన్, గ్రే, గ్లేజ్నర్ ఇక్కడి జిర్కాన్లని చాలా జాగ్రత్తగా కొలిచారు. ఒక్క హాఫ్ డోమ్ రాయిలోనే, బయటి అంచుకీ లోపలి భాగానికీ వయసులో దాదాపు 40 లక్షల సంవత్సరాల తేడా వచ్చింది. దానితో కలిసి ఉన్న టువాలమీ గ్రానైట్ల సమూహం మొత్తం తయారవడానికి కోటి సంవత్సరాలు పట్టింది, 9.5 కోట్ల నుంచి 8.5 కోట్ల ఏళ్ళ క్రితం దాకా. అంత పెద్ద ముద్ద కూడా కరిగిన స్థితిలో అన్నాళ్ళు ఉండలేదు, ముందే గడ్డకడుతుంది. కాబట్టి ఒక్కసారి నిండిన కుంపటి కాదు. కొద్దికొద్దిగా, పొర మీద పొరగా, లక్షల ఏళ్ళపాటు కట్టుకుంటూ వచ్చింది. చూడ్డానికి ఏకశిలలా ఉన్నది నిజానికి ఎన్నో విడతల పని. కొలత పదును పెరగబట్టి తెలిసిన సంగతి ఇది.

లోయలోని ఇసుక కూడా సాక్ష్యం చెబుతుంది. కొండ అరిగిపోయినా జిర్కాన్ అరగదు, ఇసుకలో కలిసి వస్తుంది. ఒక ఇసుకరాయిలో ఉన్న అతి చిన్న వయసు జిర్కాన్ కంటే ఆ ఇసుకరాయి పాతది కాలేదు. బిడ్డ పుట్టకముందే బారసాల జరగదు కదా. 2006లో ఈ పద్ధతితో చూస్తే, గవ్వల శిలాజాలను బట్టి జురాసిక్ కాలానివి అనుకున్న లోయ అడుగు పొరలు, దాని తరవాతి క్రెటేషస్ కాలానివని తేలింది. ఖండపు అంచున ఆ పల్లం ఎప్పుడు నిండడం మొదలైందో తిరిగి రాసుకోవలసి వచ్చింది.

సుమారు 8 కోట్ల ఏళ్ళ క్రితం సియెరాలో గ్రానైటు పుట్టడం ఆగిపోయింది. ఫారలాన్ ఫలకం నిటారుగా దిగడం మానేసి, ఖండం కింద దాదాపు బల్లపరుపుగా జారిందనీ, అందుకే వేడి దొరక్క ఇక్కడ కొలిమి ఆరిపోయి, దూరాన కొలరాడో వైపు రాకీ పర్వతాలు లేచాయనీ చాలామంది శాస్త్రజ్ఞుల అభిప్రాయం. సుమారు 3 కోట్ల ఏళ్ళ క్రితం పసిఫిక్ ఫలకం వచ్చి ఖండాన్ని తాకింది. కిందికి దూరడం పోయి, పక్కకి ఒరుసుకోవడం మొదలైంది. మనల్ని ఇళ్ళకి భూకంపం ఇన్సూరెన్సు తీసుకోవాలా వద్దా అని ఆలోచింపజేసే శాన్ ఆండ్రియాస్ పగులు అదే. ఫారలాన్ ఫలకంలో మిగిలిన ముక్క ఒకటి ఉత్తరాన ఇంకా దూరుతూనే ఉంది. 1980లో పేలిన సెయింట్ హెలెన్స్ దాని చలవే. పూర్వం సియెరా ఎలా ఉండేదో తెలుసుకోవాలంటే అటు చూస్తే చాలు.

ఇక నాన్నగారి బంజారాహిల్స్ మాట. రంగూ రూపూ చూస్తే ఆయన అన్నదాంట్లో తప్పులేదు. రెండూ గ్రానైటు జాతివే. కానీ హైదరాబాదు గ్రానైట్లూ, గోల్కొండ కోట కట్టిన కొండా సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటివి. లెక్క వేసి చూశాను. హాఫ్ డోమ్ జిర్కాన్‌లో యురేనియం 238 ఇప్పటిదాకా వందకి ఒకటిన్నర పాలు కూడా సీసంగా మారలేదు. హైదరాబాదు రాయిలో దాదాపు మూడో వంతు మారిపోయింది. చూపుకి కవలల్లా ఉన్న రాళ్ళ మధ్య తేడా అంత.

మన వైపు కూడా ఖండపు అంచులు ఉండేవా అంటే, ఉండేవి. నెల్లూరు ప్రాంతపు పాత శిలల దక్షిణ కొసన కండ్ర అనే చోటు ఉంది. అక్కడి నల్లరాళ్ళు ఒకప్పటి సముద్రపు అడుగు ముక్కలని ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన సి. లీలానందం గారు గుర్తించారు. 2010లో కె. విజయకుమార్ గారు, లీలానందం గారు, స్టాన్‌ఫర్డ్‌కి చెందిన గ్యారీ ఎర్న్‌స్ట్ మరికొందరితో కలిసి ఆ రాళ్ళలోని జిర్కాన్ వయసు ప్రకటించారు. సుమారు 185 కోట్ల సంవత్సరాలు. అంటే అప్పట్లో మన ఆగ్నేయ తీరం వైపు ఒక సముద్రం ఉండి, మూసుకుపోయిందని వారి నిర్ణయం. అది ఇప్పటి బంగాళాఖాతం కాదు. బంగాళాఖాతం ఎంతో కాలం తరవాత, భారతదేశం అంటార్కిటికా నుంచి విడిపోయినప్పుడు తెరుచుకుంది. ఈ ఎర్న్‌స్ట్ ఎవరనుకున్నారు? ఇందాక చెప్పిన కాలిఫోర్నియా తీరపు రాళ్ళు సముద్రపు ఫలకం దిగే చోటివని 1970లో వివరించినవారిలో ఒకరు. ఇక్కడి అంచుని చదివిన కళ్ళే అక్కడి అంచునీ చదివాయి.

ఈసారి యోసెమిటీ వెళ్ళినప్పుడు, వేసవి అయితే, టయోగా రోడ్డు మీద టువాలమీ మెడోస్ దాకా వెళ్ళండి. చలికాలం ఆ రోడ్డు మూసేస్తారు. అక్కడి గ్రానైటులో అంగుళాల పొడవున్న ఫెల్డ్‌స్పార్ స్ఫటికాలు పైకి పొడుచుకుని ఉంటాయి. పిల్లల చేత తడిమించండి. రాళ్ళు మాత్రం తేకండి, పార్కులో అది నేరం.

ఇదంతా ఫోన్లో నాన్నగారికి చెప్పాను. ఓపిగ్గా విని, "అయితే మన రాయే పెద్దదన్నమాట" అన్నారు. ఆ తరవాత కాసేపాగి, "రాయికైతే లోపల సాక్ష్యం దొరికింది. నాకు అమ్మ చెప్పిన వరదే సాక్ష్యం" అన్నారు. మా నాన్నమ్మ పోయి చాలా కాలమైంది. ఆ వరద సంగతి ఆయన తప్ప చెప్పేవాళ్ళు ఇప్పుడు ఇంట్లో ఎవరూ లేరు. ఆ రాత్రే నేను ఆయన చెప్పినదంతా కాగితం మీద రాసి, తేదీ వేసి పెట్టాను. ఈ ఏడాది శ్రావణంలో మా అబ్బాయి తాతగారికి ఫోన్ చేసి శుభాకాంక్షలు చెబుతాడు. జులై ఒకటిన కాదు.

మీ ఇళ్ళలో ఉన్న జులై ఒకటో తారీకు పెద్దల్ని కూడా ఒకసారి అడగండి. వాళ్ళు చెప్పగలిగినప్పుడే అడగండి.